పాత పికప్ తుక్కులోకి పోయేముందు దాని వివరాలు రాసి పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం అండీ,

టాటా వాళ్ళ దగ్గర్నుంచి సియెర్రా పేరుతో కొత్త కారు వచ్చినప్పట్నుంచి పాత సియెర్రా గురించి పేపర్లలో బోలెడు రాస్తున్నారు, 1991లో వచ్చిందని, మూడు డోర్లేనని, వెనకాల పైకప్పులోకి వంగిన ఆ పెద్ద అద్దాలు అప్పట్లో ఎవరూ చూడలేదని, మీ ఆదివారం అనుబంధంలో కూడా మంచి ఫోటోలతో వేశారు, చదివి చాలా సంతోషించాను. కానీ నేను చదివినంతలో ఎక్కడా ఆ సియెర్రా ఏ బండి మీద తయారైందో ఒక్క లైను కూడా కనపడలేదండి. అది టాటామొబైల్ 206 అనే పికప్. 1988లో వచ్చింది, అంటే సియెర్రా కంటే మూడేళ్ళు ముందు. ముందు మొహం చూస్తే రెండూ అన్నదమ్ములని ఇట్టే తెలిసిపోతుంది. ఆ పికప్ ఒకదాన్ని మేము కొంతమందిమి కలిసి బాగుచేసుకుంటున్నాం కాబట్టి, దాని గురించి, దానితో పాటు మాయమైపోతున్న సమాచారం గురించి రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదైతే కత్తిరించి వేసుకోండి, కానీ చివర్లో అడిగినవి మాత్రం వదలొద్దని మనవి.

ఇప్పటి కుర్రాళ్ళకి టెల్కో అంటే తెలీదు, 2003లో టాటా మోటార్స్ అని పేరు మారింది. టెల్కో అంటే మా చిన్నప్పుడు లారీలే. 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్ వాళ్ళతో కలిసి లారీలు మొదలుపెట్టారు, ఆ ఒప్పందం 1969తో అయిపోయింది, తర్వాత సొంతంగా చేసుకుంటూ వచ్చి 1986లో 407 తెచ్చారు, అదెంత హిట్టో చెప్పక్కర్లేదు, మన ఊళ్ళలో ఇప్పటికీ 407 అంటే చిన్న లారీకి మారుపేరు. ఆ తర్వాత రెండేళ్ళకి ఇంకా చిన్న సైజులో 206. ఆ నంబర్లు కూడా ఊరికే పెట్టినవి కాదండి, వాళ్ళ పాత లెక్కలో ముందు అంకె బండీ లోడూ కలిపి సుమారుగా ఎన్ని టన్నులో చెప్తుంది, తర్వాత అంకె హార్స్‌పవర్ పదుల్లో చెప్తుంది, 1210 అంటే పన్నెండు టన్నులు వంద హార్స్‌పవర్, 407 అంటే నాలుగు టన్నులు డెబ్భై, అలా 206 అంటే రెండు టన్నుల తరగతి, అరవై హార్స్‌పవర్. 1948 సీసీ డీజిల్ ఇంజను, ఐదు గేర్లు, నిచ్చెన లాంటి ఛాసిస్, వెనక కమాన్ పట్టీలు. ఇదే సరంజామాతో 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్ అనే కారు వచ్చాయి, 1994లో వచ్చిన సుమోలో కూడా ఆ 1948 సీసీ ఇంజనే. ఇంగ్లండులో ఈ పికప్‌నే లోడ్‌బీటా అనే పేరుతో అమ్మారు. టాటా వాళ్ళు కార్ల వైపు నడిచిన దారికి మొదటి మెట్టు ఈ సరుకుల బండి అన్నమాట. కానీ కార్లని జనం దాచుకుంటారు, పికప్‌ని లోడేసి లోడేసి చివరికి తూకానికి అమ్మేస్తారు. అందుకే సియెర్రాలు ఇంకా అక్కడక్కడా మెరుస్తూ కనపడతాయి, 206లు మాత్రం కనపడవు. ఉన్న కొద్దివాటిని కూడా సియెర్రా బాగుచేసేవాళ్ళు లైట్ల కోసం, గ్రిల్ కోసం, డాష్‌బోర్డు ముక్కల కోసం కొని విప్పేస్తున్నారు. వాళ్ళని తప్పుపట్టను, విడిభాగాలు దొరక్కపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. విప్పేముందు నాలుగు ఫోటోలు తీసి, ఛాసిస్ నంబరు రాసుకుని పెడితే మాత్రం ఆ బండి ఒకటి ఉండేదని రేపటివాళ్ళకి తెలుస్తుంది కదా, అంతే నా బాధ.

మా గోదావరి జిల్లాల్లో ఈ బండికి ఇంకో కథ ఉందండి. 90ల మొదట్లో టైగర్ రొయ్య జోరు మీరు చూసే ఉంటారు, వరి చేలు చెరువులైపోయిన కాలం. రొయ్యపిల్లల్ని హేచరీల (గుడ్ల నుంచి పిల్లల్ని తీసే కేంద్రాల) దగ్గర్నుంచి ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, అట్టపెట్టెల్లో సర్ది, ఎండ తగలకుండా రాత్రికి రాత్రే తెచ్చి తెల్లారేలోపు చెరువులో వదలాలి. లారీ అయితే చెరువు గట్టు మీదకి రాదు, ట్రాక్టరు అయితే విశాఖ తీరం నుంచో నెల్లూరు వైపు నుంచో రావడానికి పనికిరాదు, మేటడార్ వ్యాను ఉండేది గానీ అందరికీ దొరికేది కాదు. అప్పుడు ఈ పికప్ సరిగ్గా సరిపోయింది, హైవే మీద కారులా పరిగెత్తేది, గట్టు మీదకి ఎక్కేది. పిల్లలు తెచ్చింది, మేత మోసింది, పట్టుబడి రోజున ఐస్ వేసిన రొయ్యలు మోసింది. 1994, 95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులన్నీ ఖాళీ అయినప్పుడు అమ్ముడుపోయిన వాటిల్లో ఈ బళ్ళు కూడా ఉన్నాయి. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు, రొయ్యల చరిత్ర రాసినవాళ్ళు దిగుబడి రాస్తారు, ధర రాస్తారు, రాత్రంతా మేలుకుని ఆ పెట్టెలు తెచ్చిన డ్రైవరు ఏ బండి నడిపాడో ఎవరూ రాయరు.

మా దగ్గరున్న బండి అలాంటిదే. ఏపీ-37 సిరీస్, అంటే పశ్చిమ గోదావరి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ-39 అయిపోయింది కాబట్టి నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పే రోజులు పోయాయి, పాత నంబరు ప్లేటు కూడా ఒక రికార్డే అని అందుకే మావాళ్ళకి చెప్తుంటాను. ఒక రైసుమిల్లు వెనక కొబ్బరిచెట్ల కింద ఏళ్ళ తరబడి పడుంది, వెనక సరుకులేసే తొట్టిలో ఎండుకొమ్మలు, క్యాబిన్ నిండా ఎలకల గూళ్ళు. ఓనరు గారు పెద్దాయన, తుక్కువాడికి ఇచ్చేద్దామనుకున్నారట, మేము అడిగేసరికి ఎందుకండీ ఇది మీకు అని ఆశ్చర్యపోయారు, తర్వాత ఆయనే కూర్చుని గంటసేపు దాని కథంతా చెప్పారు. మా గుంపులో అన్ని రకాలవాళ్ళూ ఉన్నాం, నేను పాలిటెక్నిక్‌లో చెప్పి రిటైరైనవాణ్ణి, ఒకాయనది ఆటో స్పేర్ల షాపు, ఇద్దరు కుర్రాళ్ళు సాఫ్ట్‌వేర్, ఇంకొకాయన ఒకప్పుడు ఇదే మోడల్ నడిపిన డ్రైవరు. ఖర్చు తలా కొంచెం పంచుకుంటాం. బండి ఎవరి పేరున ఉండాలనేది మాత్రం మొదట్లోనే కాగితం మీద రాసుకున్నాం, ఇలాంటివి కలిసి చేసేవాళ్ళు ఎవరైనా సరే ముందు ఆ పని చేసుకోవడం మంచిది.

ఇక అసలు సంగతి. బండి తెచ్చుకున్న రోజునే స్పానర్లు పట్టుకుని మీద పడే అలవాటు చాలామందిది. మేము మాత్రం ఒక్క బోల్టు విప్పకముందే బండి చుట్టూ, కింద, బానెట్ లోపల, డాష్‌బోర్డు కింద ఫోటోలు తీశాం, ప్రతి ఫోటోలో ఒక స్కేలు పక్కన పెట్టి మరీ తీశాం, ఎందుకంటే స్కేలు లేని ఫోటో చూసి తర్వాత ఏ గొట్టం ఎంత లావో చెప్పలేం. ఛాసిస్ నంబరుకి పెన్సిల్ ప్రింటు తీశాం, ఇన్స్యూరెన్సు వాళ్ళు తీస్తారే అలాగ. వైర్లు తెంచే ముందు ప్రతి కొసకీ టేపు చుట్టి నంబరేసి, ఏ నంబరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో, దాని రంగేంటో పుస్తకంలో రాశాం. పాత వైర్లు మట్టికొట్టుకుపోయి అన్నీ ఒకే రంగులో కనపడతాయి, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే గానీ అసలు రంగు, దాని మీద సన్నగీత కనపడవు, ఆ గీత రంగే ముఖ్యం. ఎలకలు కొరికిన చోట మధ్యలో ఎవరో ఎలక్ట్రీషియను వేసిన జాయింట్లు ఉన్నాయి, వాటిని కూడా గీసిపెట్టాం, ఫ్యాక్టరీది ఏది తర్వాత వేసింది ఏది అని తేడా చూపిస్తూ.

విప్పిన బోల్టులు హార్లిక్స్ సీసాల్లో వేసి లోపల చీటీ పెట్టాం. లేత్ పని ఉన్న భాగాలకి కొలతలు తీయడం మాత్రం ఇంకో విద్య. అరిగిపోయిన బుష్‌నో పిన్‌నో పట్టుకెళ్ళి ఇలాంటిదే చెయ్యి అంటే లేత్ ఆయన అరిగిన కొలతకే చేసిస్తాడు, అది లూజుగానే ఉంటుంది. అరగని చోట వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) పెట్టి చూడాలి, చాలా పిన్నులకి చివర్లో రాపిడి తగలని భాగం ఒకటి ఉంటుంది, అసలు సైజు అక్కడ దొరుకుతుంది. అరిగిన చోట కూడా కొలిచి పక్కనే రాసుకుంటే ముప్ఫయ్యేళ్ళలో ఎంత అరిగిందో, ఏ వైపు ఎక్కువ అరిగిందో తెలుస్తుంది, మా బండికి ఎడమవైపు షాకిల్ పిన్నులు (కమాన్ పట్టీల కొసని పట్టి ఉంచేవి) కుడివైపు కంటే బాగా అరిగాయి, రోడ్డు అంచున ఎడమ చక్రం ఎప్పుడూ గుంటల్లో పోతుంది కదా మరి, పాత డ్రైవరు గారు అది చూసి చెరువు గట్ల మీద తిరిగిందండీ ఇది అన్నారు.

తుప్పు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మామూలు బండికి తుప్పు క్యాబిన్ ఫ్లోరులో మ్యాట్ కింద, డోర్ల అడుగున, ముందు అద్దం రబ్బరు కింద మొదలవుతుంది, నీళ్ళు నిలిచే చోట్లవి. రొయ్యలు మోసిన బండికి వీటితో పాటు తొట్టి కింద అడ్డ ఛానళ్ళు పోతాయి, ఎందుకంటే ఉప్పు కలిసిన ఐసు నీళ్ళు రేకు సందుల్లోంచి కారి ఛానల్ మీద చేరి అక్కడే ఉండిపోతాయి, పైకి రేకు బాగానే కనపడుతుంది, కింద సుత్తితో తడితే పొరలు పొరలుగా రాలుతుంది. మా టింకరింగ్ మేస్త్రి గారు ముందు తొట్టి మొత్తం కొత్తది కట్టేద్దామన్నారు. ఛానళ్ళు మాత్రం మార్చి, పై రేకు సొట్టలుపడి ఉన్నా సరే అసలుదే ఉంచమన్నాం. కోసి తీసిన ముక్కల్లో ఒక అడుగు ముక్క దాచాం, రేకు ఎంత మందమో, మడత ఎలా తిప్పారో రేపు ఎవరికైనా కావాలంటే చూపించొచ్చు.

రంగు దగ్గర మా గుంపులో పెద్ద వాదనే నడిచింది. పైన తెలుపు, దానికింద నీలం, దానికింద మళ్ళీ తెలుపు. వాటర్ పేపరుతో ఒకచోట చిన్న గుండ్రంగా రుద్దుకుంటూ పోతే పొరలన్నీ వలయాల్లాగా బయటికొస్తాయి, ఏ రంగు తర్వాత ఏది వేశారో అక్కడే తేలిపోతుంది, అది ఫోటో తీసి పెట్టాం. ఎడమ డోరు మీద అలా రుద్దుతుంటే నీలం పొర మీద అక్షరాలు బయటపడ్డాయి, ఐస్, మేత, రొయ్యపిల్ల రవాణా అని, చేత్తో రాసిన అందమైన తెలుగు అక్షరాలు, నీడ కూడా వేసి. ముందు అద్దం పైన శ్రీ మావుళ్ళమ్మ తల్లి ప్రసన్న అని ఉంది. కుర్రాళ్ళిద్దరూ షోరూంలోంచి వచ్చినట్టు మెరిసేలా మొత్తం కొత్త రంగు వేద్దామని పట్టుబట్టారు, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలనేదే వాళ్ళ కోరిక. నా మాట ఏంటంటే ఫ్యాక్టరీలో అది ఉన్నది కొద్దిరోజులు, మన రోడ్ల మీద ఉన్నది ముప్ఫయ్యేళ్ళు, రెండోదాన్ని చెరిపేసి మొదటిదాన్ని మాత్రమే ఉంచితే సగం బండినే బాగుచేసినట్టు. చివరికి క్యాబిన్‌కి అడుగు పొరలో దొరికిన తెలుపునే కలిపించి వేశాం, ఎడమ డోరునీ అద్దం పైనున్న పట్టీనీ మాత్రం ముట్టుకోలేదు, వాటి మీద పలచగా లాకరు (రంగులేని వార్నిష్) కొట్టి వదిలేశాం. చూసినవాళ్ళు ముందు ఆ డోరు దగ్గరికే వెళ్తున్నారు. ఆ అక్షరాలు రాసిన పెయింటరు ఎవరో ఇంకా వెతుకుతున్నాం, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోయారు, ఆయన ఉంటే ఆయన చేతే కుడి డోరు మీద రాయించాలని ఉంది.

స్పేర్ల గురించి ఎక్కువ చెప్పను, సుమో వల్ల ఇంజను సామాను చాలావరకు దొరుకుతోంది, విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే లేదు అనేది తక్కువ. క్యాబిన్ సామానే కష్టం, డోరు హ్యాండిల్స్, అద్దం రబ్బర్లు, మీటర్ల పలక. తాడేపల్లిగూడెంలో ఒక పాత షాపు ఆయన దగ్గర అప్పటి పార్ట్స్ క్యాటలాగు దొరికింది, పేజీలు పసుపు పచ్చబడి మూలలు చెదలు తిన్నాయి, ఆయన అమ్మనన్నారు గానీ అక్కడే కూర్చుని ప్రతి పేజీ స్కాన్ చేసుకోనిచ్చారు, టీ కూడా ఇప్పించారు. ఆ క్యాటలాగులో ప్రతి భాగానికీ నంబరు, విడదీసిన బొమ్మ ఉంటాయి, నంబరు ఉంటే దేశంలో ఎక్కడి షాపుకైనా ఫోను చేసి అడగొచ్చు, నంబరు లేకపోతే అదండీ ఆ వంకర రబ్బరు అని చెప్పుకుంటూ కూర్చోవాలి. ఇలాంటి క్యాటలాగులు షాపులు మూసేసినప్పుడు చిత్తుకాగితాల కింద కిలోల లెక్కన పోతున్నాయి. అమెరికాలో 1947 నుంచి 1955 దాకా వచ్చిన షెవర్లె పికప్‌లకి ఇవాళ్టికీ కొత్త రబ్బర్లు, కొత్త రేకులు అచ్చం పాతవాటిలాగే చేసి అమ్ముతున్నారు, డాలస్‌లో ఉండే మా మేనల్లుడు అలాంటి బండి ఒకటి చూపిస్తే అడిగాను ఎలా కుదురుతోందిరా ఇది అని, వాళ్ళు అప్పటి మాన్యువల్స్, క్యాటలాగులు పారేయలేదు మామయ్యా, అవి చూసే చేస్తున్నారు అన్నాడు. మన దగ్గర లేత్‌లు లేవా, అచ్చులు పోసేవాళ్ళు లేరా, ఆటోనగర్‌లో చెయ్యలేనిది ఏముంది, కొలత కాగితం మీద ఉంటే చాలు.

కాగితం మీద అసలే లేనిది మేస్త్రుల చేతిలో ఉన్న విద్య. మా ఇంజను మేస్త్రి గారు డీజిల్ పంపు టైమింగు చెవితో పెడతారు. పంపు కొంచెం ముందుకి తిప్పితే ఇంజను టకటకా కొట్టడం మొదలెడుతుంది, వెనక్కి తిప్పితే తెల్లపొగ వస్తుంది, ఆ రెండిటి మధ్యలో ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు, తర్వాత డయల్ గేజి పెట్టి చూస్తే సరిగ్గానే ఉంది. స్టార్ట్ చేసేముందు ఇంజను లోపల వేడిచేసే హీటరు ప్లగ్గులు విప్పి ఒక్కోటి బ్యాటరీకి పెట్టి కొస ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి ఇది పనికొస్తుంది ఇది రాదు అని విడదీశారు. ఈ బండికి బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లోంచి గాలి లాగే వాక్యూమ్ పంపు డైనమో వెనకాలే బిగించి ఉంటుంది, డైనమో రిపేరు అని ఎవరో తెలీనివాళ్ళు మామూలు డైనమో వేసేస్తే బ్రేకు రాయిలా గట్టిగా అయిపోతుందండీ అని ఆయన చెప్పింది మేము వీడియో తీసుకున్నాం. ఆయన మొదట్లో సిగ్గుపడ్డారు, నాదేముందండీ, మా గురువు గారు నేర్పిందే అన్నారు. గురువు గారి పేరు, ఊరు, ఆయన ఏ షెడ్డులో పని నేర్చుకున్నారో అన్నీ అడిగి రాసుకున్నాం. మేస్త్రి గారికి అరవై దాటాయి, కొడుకు ఈ పనిలోకి రాలేదు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరున్నారు. బండి ఇంకో పదేళ్ళు షెడ్డులో ఆగుతుందేమో గానీ ఈ విద్య ఆగదండి, దీన్ని ముందు రికార్డు చేసుకోవాలి, మా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు ఇప్పుడు ఆయన మాటలే.

ఇప్పుడు రూల్స్ సంగతికి వస్తాను. పాత బళ్ళు తుక్కు చేసే విధానం 2021 ఆగస్టులో మొదలైంది, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బళ్ళకి రిజిస్ట్రేషనే ఉండదన్నారు, సైన్యం, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక బళ్ళకి తప్ప. దీనికి నేను వ్యతిరేకం కాదండి, పొగ కక్కుతూ బ్రేకులు పడని బండి రోడ్డు మీద తిరగకూడదు, మా పికప్‌ని కూడా రోజూ తిప్పాలని మేము అడగట్లేదు. కానీ ఆఫీసుల ఆవరణల్లో నిలబెట్టేసిన జీపులు, పికప్‌లు, వ్యాన్లు వరసపెట్టి తుక్కుకి పోతున్నాయి. వాటిల్లో ఏ మోడల్లో చివరి బండి ఏది అని చూసే దిక్కు లేదు. మన జహీరాబాద్‌లోనే ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యేవి, మన గడ్డ మీద తయారైన బళ్ళు అవి, వాటిల్లో ఒక్కటైనా ఎవరైనా పద్ధతిగా దాచారా అని అడిగితే మా గుంపులో ఎవరికీ తెలీలేదు. మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పమని కోరుతున్నాను.

పాతబళ్ళ అభిమానుల కోసం 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది, వీఏ అనే అక్షరాలతో నంబరు, కొత్తగా చేయించుకుంటే 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000. ర్యాలీకో ప్రదర్శనకో రిపేరుకో తీసుకెళ్ళడానికి తప్ప రోజువారీ వాడకానికి లేదు. చాలా మంచి రూలు. కానీ బండికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, సొంతానికి వాడుకునే బళ్ళని మనసులో పెట్టుకుని రాసిన రూలది. 1988లో వచ్చిన మొట్టమొదటి 206కి కూడా 50 నిండేది 2038లో. అప్పటిదాకా మధ్యలో ఉన్న ఈ బళ్ళ గతేంటి? సరుకుల బండిగా రిజిస్టరైన దాన్ని ప్రదర్శన కోసం దాచుకుంటాను, లోడు వెయ్యను అంటే దానికి దారేది? ఒక ఆఫీసులో అడిగితే ఫిట్‌నెస్ చేయించండి లేదా తుక్కుకి ఇవ్వండి, రెండే దార్లు అన్నారు, అక్కడి గుమాస్తా గారు మర్యాదగానే చెప్పారు, ఆయన చేతిలో ఉన్న రూలు అంతే. 30 ఏళ్ళు దాటిన, అసలు ఛాసిస్, అసలు ఇంజనుతో ఉన్న చిన్న సరుకుల బళ్ళకి కూడా ప్రదర్శన కోసం మాత్రమే అనే షరతుతో ఒక వెసులుబాటు ఇస్తే ఎవరికీ నష్టం లేదు, ఏడాదిలో ఇన్ని కిలోమీటర్లకి మించి తిరగకూడదని మీటరు రీడింగు తీసుకుంటామన్నా మాకు సమ్మతమే.

దాచడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్ళకి హైదరాబాద్‌లో ఆర్టీసీ వాళ్ళ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌లో ఉన్న ఆల్బియన్ బస్సు చూపిస్తాను. 1932లో నిజాం కాలంలో రైల్వే వాళ్ళ కింద 27 బస్సులతో రవాణా మొదలైంది, ఆ కాలం నాటి బస్సు ఒకటి అప్పుడెవరో తుక్కుకి పంపకుండా ఆపబట్టి ఇవాళ పిల్లలు దాన్ని కళ్ళారా చూస్తున్నారు. హర్యానాలో తావడూ దగ్గర 2013లో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం అని పెద్దది పెట్టారు, వీలైతే చూడండి. మన రెండు రాష్ట్రాల్లో లారీలతో, పికప్‌లతో, బాడీ కట్టే పనితో బతికిన కుటుంబాలెన్నో, వాళ్ళ పనికి ఒక గది కూడా లేకపోవడం నాకు కష్టంగా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత షెడ్డు చాలండి, నాలుగు బళ్ళు, గోడల మీద పాత పనిముట్లు, ఒక టీవీలో మేస్త్రుల మాటలు.

అందుకని అడుగుతున్నది ఏంటంటే, రవాణా శాఖ వాళ్ళు 25 ఏళ్ళు దాటిన ఏ బండి తుక్కుకి వచ్చినా కోసే లోపే బండి ముందువైపు, వెనక, పక్కల, లోపల, ఇంజను, ఛాసిస్ నంబరు, కంపెనీ పలక ఫోటోలు తీయించి, ఓనరు పేరు, చిరునామా తీసేసి, మిగతాది అందరూ చూసుకునేలా ఉంచాలి. తుక్కు కేంద్రంలో సర్టిఫికెట్ల కోసం ఎలాగూ వివరాలు ఎక్కిస్తారు, ఇంకో ఐదు నిమిషాల పని. ఎక్కడా లేని మోడల్ కనపడితే ఒక నెల ఆపి పేపర్లో ప్రకటన ఇస్తే మాలాంటివాళ్ళు తుక్కు ధరకి పైన నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే కొనుక్కుంటాం.

మీకు నా మనవి, మీ జిల్లా పేజీల్లో వారానికి ఒక చిన్న పెట్టె కేటాయించండి. పాఠకుల ఇళ్ళల్లో పాత పికప్, జీపు, మేటడార్, టెంపో ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలు ఉంటాయి, కొత్త బండి కొన్నరోజు దండ వేసి, నిమ్మకాయలు పెట్టి, ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్నవి. ఆ ఫోటోల్లో బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అద్దాలు ఎలా ఉండేవో, తొట్టికి రంగేంటో, చక్రాల మూతలు ఉండేవో లేవో అన్నీ తెలుస్తాయి, 206 కొత్తలో తొట్టి వెనక తలుపు మీద పేరు ఏ సైజులో ఎక్కడ అంటించేవారో తేల్చుకోలేక మేము ఇప్పటికీ ఆగిపోయి ఉన్నాం, అలాంటి ఫోటో ఒక్కటి దొరికితే చాలు. పంపేవాళ్ళు ఫోటోతో పాటు ఏ సంవత్సరం, ఏ ఊరు, బండితో ఏం పని చేసేవారు, డ్రైవరు పేరేంటి అని రెండు లైన్లు రాయమని చెప్పండి. అసలు ఫోటో పంపక్కర్లేదు, సెల్‌ఫోన్‌తో తీసేటప్పుడు పైన ట్యూబ్‌లైటు మెరుపు పడకుండా కిటికీ పక్కన పెట్టి తీస్తే సరిపోతుంది. 206 కానీ, రెండు వరసల సీట్లున్న టెల్కోలైన్ పికప్ కానీ ఎవరి పెరట్లో అయినా పడి ఉంటే దయచేసి తుక్కువాడికి ఫోను చేసేముందు మీ పేపరు ఆఫీసుకి ఒక మాట చెప్పమనండి, మేము వచ్చి చూసుకుంటాం, కొనలేకపోయినా కొలతలన్నా తీసుకుని వెళ్తాం.

ఇట్లు,
పాత బళ్ళ అభిమాని, రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
భీమవరం